పిడుదులు మందుకు లొంగనప్పుడు ఏం చేయాలి? పాడి రైతుకు దశలవారీ మార్గదర్శిని

మందు కొట్టి రెండు రోజులైనా ఆవు చెవుల్లో, గంగడోలు కింద, పొదుగు చుట్టూ పిడుదులు బతికే ఉన్నాయంటే, చాలామంది రైతులు మరుసటిసారి మోతాదు పెంచుతారు, లేదా దుకాణానికి వెళ్లి ఇంకో పేరున్న సీసా అడిగి తెచ్చుకుంటారు. మోతాదు పెంచితే పశువుకూ మనిషికీ ప్రమాదం, పాలలో మందు అవశేషాలు పెరుగుతాయి. ఇంకో సీసా తెచ్చినా చాలాసార్లు అందులో ఉండేది పాత రసాయనమే, లేదా దాని దగ్గరి చుట్టమే. అందువల్ల మందు మార్చే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: పిడుదులు నిజంగా మందును తట్టుకుంటున్నాయా, లేక మందు వాటికి తగలవలసిన రీతిలో తగలలేదా? ఈ మార్గదర్శినిలో మొదటి సగం ఆ ప్రశ్నను తేల్చుకోవడానికి, మిగతా సగం తేలాక చేయవలసిన పనులకు సంబంధించినది.

నిరోధకత, అంటే మందును తట్టుకునే గుణం, ఎలా పుడుతుందో ముందు కొంచెం తెలుసుకోవాలి. మందు కొట్టినప్పుడు పిడుదులన్నీ ఒకే రకంగా చావవు. పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే గుణమున్నవి లక్షల్లో ఏ కొన్నో ఉంటాయి. మిగతావన్నీ చచ్చిపోగా ఆ కొన్ని మిగిలి, వాటిలో ఒక్కో ఆడ పిడుదు రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. అదే మందును మళ్లీ మళ్లీ వాడితే ప్రతిసారీ మిగిలేవి ఆ గుణమున్నవే కాబట్టి, కొన్నేళ్లకు కొట్టంలో ఉన్న పిడుదులన్నీ వాటి సంతానమే అవుతాయి. ఆస్ట్రేలియాలో 1890ల నుంచి పశువులను పాషాణం (ఆర్సెనిక్) కలిపిన నీటి తొట్లలో ముంచేవారు. 1930లు వచ్చేసరికి ఆ పాషాణానికి పిడుదులు చావడం మానేశాయి. తరువాత వచ్చిన డీడీటీకి, ఆపైన వచ్చిన ఆర్గానోఫాస్ఫేట్లు, పైరిథ్రాయిడ్లు అనే మందు వర్గాలకు కూడా అదే గతి పట్టింది. బ్రెజిల్‌లో ఆరు వర్గాల మందులనూ తట్టుకునే పిడుదులు ఉన్నట్టు 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన దేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ, మరికొన్ని పశువైద్య కళాశాలలు జరిపిన పరీక్షల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులను తట్టుకునే పిడుదులు పలు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. ఈ రెండూ మన ఊళ్లలో అతి సులువుగా దొరికే మందులు.

మొదటి అడుగు: ఏ పిడుదో గుర్తుపట్టండి

పిడుదులు, గోమార్లు అని మనం కలిపి పిలిచే వాటిలో పాడి పశువులకు ఎక్కువ నష్టం చేసేవి రెండు రకాలు. వీటి జీవన విధానం వేరు కాబట్టి మందు పనిచేసిందో లేదో చూసే పద్ధతి కూడా వేరుగా ఉంటుంది.

రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు చిన్నది, కాళ్లు లేత రంగులో ఉంటాయి, మూతి పొట్టిగా ఉంటుంది. రక్తం తాగి నిండిన ఆడది బూడిద రంగులో ఆముదపు గింజలా ఉబ్బి కనిపిస్తుంది. ఇది పిల్లగా ఎక్కిన పశువు మీదే మూడు దశలూ గడిపి, సుమారు మూడు వారాల తరువాత నిండుగా రక్తం తాగి కిందికి రాలి, నేల పగుళ్లలోనో గడ్డి దుబ్బుల కిందో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు గడ్డి కొనలకెక్కి, మేతకు వచ్చే పశువు కోసం తేమ ఉన్నంత కాలం నెలల తరబడి కాచుకొని ఉండగలవు. ఎర్ర మూత్రం వ్యాధిగా మనం పిలిచే బబీసియోసిస్‌నూ, అనాప్లాస్మోసిస్ అనే మరో రక్త వ్యాధినీ మోసుకొచ్చేది ఇదే.

రెండోది హయలోమ్మా అనటోలికమ్. ఇది గోధుమ రంగులో, ఇంకా పెద్దదిగా ఉంటుంది. మూతి పొడవు, కాళ్ల మీద తెల్లటి వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి, చురుగ్గా పరుగెత్తుతుంది. ఇది తన జీవితకాలమంతా ఒకే పశువు మీద గడపదు. మధ్యలో దిగి కొట్టం గోడల పగుళ్లలో, గాడి కింద, రాళ్ల సందుల్లో దాక్కొని, చర్మం వదిలి, మళ్లీ ఎక్కుతుంది. సంకర జాతి పశువులను, ముఖ్యంగా దూడలను, పొట్టన పెట్టుకునే థైలేరియోసిస్ దీని ద్వారానే వ్యాపిస్తుంది.

పోల్చుకోవడం కష్టమైతే నాలుగైదు పిడుదులను మూత ఉన్న చిన్న డబ్బాలో వేసి పశువైద్యుడికి చూపించండి. పిడుదులను ఒట్టి చేత్తో పీకడం, గోటితో చిదమడం మానుకోవాలి. హయలోమ్మా జాతి పిడుదుల వల్ల మనుషులకు సోకే క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడి ప్రాణాలు తీసింది. చేతికి తొడుగు వేసుకొని, పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి, నిలువుగా లాగాలి.

రెండో అడుగు: పిచికారీ సరిగ్గా జరిగిందా అని నిలదీసుకోండి

మందు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో గణనీయమైన భాగానికి కారణం నిరోధకత కాదు, తక్కువ మోతాదు. ఈ తక్కువ మోతాదే రేపటి నిరోధకతకు దారి వేస్తుంది, ఎందుకంటే అరకొరగా తట్టుకునే పిడుదులు కూడా దానికి బతికి బయటపడతాయి. అందువల్ల ఈ అడుగు దగ్గర ఓపిక పట్టడం అవసరం.

ముందుగా కొలత. చాలా ఇళ్లలో మందును సీసా మూతతో కొలుస్తారు, కానీ మూతలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి ఈ పనికోసమే పెట్టుకోండి. 12.5 శాతం అమిట్రాజ్ మందును పశువులకు లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలపాలి. వీపుకు తగిలించుకునే స్ప్రేయర్‌లో 16 లీటర్లు పడతాయనుకుంటే, దానికి 32 మిల్లీలీటర్లు కావాలి. డెల్టామెత్రిన్ అయినా, సైపర్‌మెత్రిన్ అయినా ఎంత శాతం ఉన్న మందు మీ చేతిలో ఉందో సీసా మీద చదివి, ఆ లేబుల్ చెప్పిన మోతాదే పాటించండి. ఒకే మందు వేర్వేరు శాతాల్లో అమ్ముతారు కనుక, పక్కింటివారు చెప్పిన మిల్లీలీటర్ల లెక్క మీ సీసాకు సరిపోకపోవచ్చు.

తరువాత పరిమాణం. పెద్ద పశువు ఒళ్లంతా, పొట్ట కింద నుంచి నీరు కారేదాకా తడవాలంటే 3 నుంచి 5 లీటర్లు పడుతుంది. 16 లీటర్ల ట్యాంకుతో పది ఆవులకు కొట్టామంటే ఒక్కోదానికి అందింది లీటరున్నర పైచిలుకు మాత్రమే. వీపు మీద తడి కనిపిస్తుంది గాని, పిడుదులు ఉండే చోట్లు పొడిగానే మిగులుతాయి. చెవుల లోపలి మడతలు, గంగడోలు, ముంగాళ్ల సందులు, తొడల లోపలి వైపు, పొదుగు వెనుక భాగం, తోక కుదురు కింద: ముందు ఈ చోట్లకు కొట్టి, వీపు చివర చూసుకోండి. వెంట్రుకలకు ఎదురుగా కొడితే మందు చర్మం దాకా వెళుతుంది. చెవుల లోపలికి నాజిల్ పెట్టి కొట్టకుండా, మందు నీటిలో ముంచిన గుడ్డతో తుడవడం మంచిది.

ఒంటిమీద పేడ, బురద గట్టకట్టి ఉంటే ముందురోజే కడిగి ఆరనివ్వండి. వాన పడేలా ఉన్న రోజున, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టకండి. చల్లటి పూట, పశువుకు కడుపునిండా నీళ్లు తాగించిన తరువాత కొడితే అది తడి ఒంటిని నాకే అవకాశం తగ్గుతుంది. కలిపిన మందు నీటిని మర్నాటికి దాచవద్దు. ముఖ్యంగా అమిట్రాజ్ నీటిలో కలిపాక నిలవ ఉండే కొద్దీ శక్తి కోల్పోతుంది. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌ను ఎంత కడిగినా సరే పశువులకు వాడకండి.

పొలంలో పురుగుకు తెచ్చిన మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివాటిని పశువులకు కొట్టడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. నోటి వెంట చొంగ కారడం, కండరాలు వణకడం, ఊపిరాడకపోవడం మొదలై గంటల్లో పశువు చనిపోవచ్చు. అలాంటి లక్షణాలు కనిపిస్తే ఒంటిని సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, వాడిన మందు సీసాను వైద్యుడికి చూపించండి.

వీపు మీద పోసే మందులకు, సూది మందులకు పశువు బరువు తెలియాలి. తూకం లేనిచోట కొలత టేపు చాలు. ముంగాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవును అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 66 అంగుళాలు, పొడవు 54 అంగుళాలు ఉన్న ఆవు బరువు దాదాపు 356 కిలోలు. ఒక శాతం ఫ్లూమెత్రిన్ మందును వీపు మీద 10 కిలోలకు 1 మిల్లీలీటరు చొప్పున పోయాలి కాబట్టి దీనికి 36 మిల్లీలీటర్లు కావాలి. అదే ఆవును కంటితో చూసి 250 కిలోలు ఉంటుందిలే అనుకుంటే 25 మిల్లీలీటర్లే పోస్తాం. అంటే దాదాపు మూడో వంతు మందు తగ్గిపోతుంది, ఆ తగ్గిన మేర పిడుదులు మిగులుతాయి.

మూడో అడుగు: గుర్తు పెట్టుకొని లెక్కించండి

పైన చెప్పినవన్నీ పాటించి ఒకసారి సక్రమంగా పిచికారీ చేయండి. అయితే కొట్టే ముందే రెండు మూడు పశువులను ఎంచుకొని, ఒక్కోదానికి ఒక పక్క మాత్రమే, మెడ నుంచి తోక దాకా, అర సెంటీమీటరు దాటి ఉబ్బిన ఆడ పిడుదులను లెక్కపెట్టి రాసుకోండి. మళ్లీ రెండో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు అదే పక్క, వీలైతే అదే మనిషి లెక్కపెట్టాలి. రెండో రోజుకే అన్నీ రాలిపోవాలని ఆశించకండి. చచ్చిన పిడుదు కూడా చర్మానికి కరుచుకొని కొన్నాళ్లు వేలాడుతూ ఉండవచ్చు. వేలితో కదిపితే కాళ్లు ఆడించనిది, ఎండి ముడుచుకుపోయినది చచ్చినట్టే.

ఈ లెక్కను చదవడంలోనే అసలు విషయం ఉంది. మైక్రోప్లస్ రకం పిల్ల ఎక్కిన రోజు నుంచి నిండుగా ఉబ్బడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఏడో రోజున, పద్నాలుగో రోజున కనిపించే ఉబ్బిన ఆడ పిడుదులు కొత్తగా ఎక్కినవి కావడానికి వీల్లేదు. అవి మందు కొట్టిన రోజున పశువు ఒంటి మీదే ఉండి, మందు తగిలీ బతికినవి. చర్మం మార్చుకునే దశలో ఉన్న ఒకటీ అరా ఇలా తప్పించుకోవడం మామూలే. కానీ కొట్టకముందు లెక్కించినదానికి దగ్గరగా సంఖ్య కనిపిస్తే నిరోధకతను గట్టిగా అనుమానించాలి. అలాకాకుండా ఉబ్బినవి దాదాపు లేకుండా పోయి, చర్మం మీద ఆవగింజ కన్నా చిన్న పిల్లలు మాత్రం కనిపిస్తున్నాయంటే మందు పనిచేసింది. మీ గడ్డిలో, కొట్టంలో కాచుకొని ఉన్న పిల్లలు కొత్తగా ఎక్కుతున్నాయి. అప్పుడు మందు మార్చడం వృథా, శ్రద్ధ పెట్టవలసింది నేల మీద.

హయలోమ్మా విషయంలో ఈ లెక్క చెల్లదు. గోడ పగుళ్లలో దాగిన పెద్ద పిడుదులు మందు ప్రభావం తగ్గగానే ఎక్కి, రోజుల వ్యవధిలోనే ఉబ్బగలవు. ఈ రకం ఎక్కువగా ఉన్న కొట్టంలో, లెక్కించదలచిన పశువులను పిచికారీ తరువాత వారం రోజులు కొట్టానికి దూరంగా, శుభ్రమైన చెట్టు కింద కట్టేసి చూస్తేనే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది.

నాలుగో అడుగు: గిన్నెలో పరీక్ష, ఆపైన ప్రయోగశాల

అనుమానం బలపడితే ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. గత మూడు నాలుగు వారాలుగా మందు కొట్టని పశువుల నుంచి నిండుగా ఉబ్బిన ఆడ పిడుదులు ఇరవై దాకా ఏరండి. కాళ్లు తెగినవి, మూతి విరిగినవి పనికిరావు. నీళ్లతో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, పదేసి చొప్పున రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని లేబుల్ మోతాదులో కలిపిన మందు నీటిలో రెండు నిమిషాలు ముంచి తీయాలి, రెండో భాగాన్ని అంతే సేపు మామూలు నీటిలో ముంచి తీయాలి. తడి అద్ది, వేర్వేరు గాజు సీసాల్లో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ఎండ తగలని చోట రెండు వారాలు ఉంచండి. పిల్లల చేతికి అందని చోట పెట్టడం మరవద్దు.

మామూలు నీటిలో ముంచినవి కొన్ని రోజుల్లోనే మెరిసే గోధుమ రంగు గుడ్లను కుప్పలుగా పెడతాయి. మందులో ముంచినవి నల్లబడి ముడుచుకుపోతేనో, గుడ్లు పెట్టకపోతేనో మందు పనిచేస్తున్నట్టు. అవి కూడా రెండో సీసాతో పోటీపడి గుడ్లు పెడుతున్నాయంటే ఆ మందు మీ కొట్టంలో పనికిరాకుండా పోతున్నట్టు. ఇది ముంచే మందులకే వర్తిస్తుంది గాని, ఐవర్‌మెక్టిన్ లాంటి సూది మందులకు వర్తించదు. పరీక్ష అయ్యాక రెండు సీసాల్లోని పిడుదులనూ గుడ్లనూ కాల్చేయండి.

ఇది సూచన మాత్రమే, తీర్పు ఇవ్వవలసింది ప్రయోగశాల. అక్కడ పిల్ల పిడుదులను మందు పట్టించిన కాగితపు పొట్లాల్లో ఉంచి, ఎన్ని చచ్చాయో లెక్కించే పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సిఫారసు చేసింది. మీ మండల పశువైద్యుడి ద్వారా తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో గాని, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో గాని పరాన్నజీవి శాస్త్ర విభాగాన్ని సంప్రదించవచ్చు. పంపే పిడుదులు బతికి ఉండాలి కనుక గాలి ఆడే డబ్బాలో కాస్త తడిపిన దూది పెట్టి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టనివ్వకుండా, ఒకటి రెండు రోజుల్లో చేరేలా చూడండి. డబ్బా మీద ఊరి పేరు, ఏరిన తేదీ, గత రెండేళ్లుగా వాడిన మందుల పేర్లు రాయాలి. ఈ చివరి వివరం లేకుండా పంపితే పరీక్ష చేసేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ఐదో అడుగు: సీసా పేరు కాదు, మందు వర్గం మార్చండి

సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండే వ్యాపార నామాన్ని వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో రాసి ఉండే రసాయనం పేరు చదవండి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, ఫ్లూమెత్రిన్ అన్నీ పైరిథ్రాయిడ్ వర్గానివే. పిడుదు నరాల్లో సోడియం అయాన్లు ప్రవహించే ద్వారాలను ఇవి పట్టుకుంటాయి. ఆ ద్వారం నిర్మాణమే కాస్త మారిపోయిన పిడుదు మీద వీటిలో ఏదీ సరిగా పనిచేయదు. డీడీటీ కూడా ఆ ద్వారం మీదే పనిచేసేది కావడంతో, డీడీటీకి అలవాటుపడిన పిడుదులు పైరిథ్రాయిడ్లు వచ్చిన కొత్తలోనే వాటిని తట్టుకున్న సందర్భాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. కాబట్టి డెల్టామెత్రిన్ విఫలమైతే సైపర్‌మెత్రిన్ కొనడం డబ్బు దండగ. అమిట్రాజ్ వేరే వర్గం, అది పనిచేసే చోటు కూడా వేరు. కౌమాఫాస్, మలాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు ఇంకో వర్గం, ఐవర్‌మెక్టిన్ మరొకటి.

ఐవర్‌మెక్టిన్ గురించి గట్టిగా చెప్పవలసిన మాట ఉంది. 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు చొప్పున చర్మం కింద ఇచ్చే ఒక శాతం సూది మందు సులువుగా ఉందని, పిడుదులు కనిపించినప్పుడల్లా పాలిచ్చే ఆవులకు కూడా వేయిస్తున్నారు. ఈ మందు పాలలోకి చాలా రోజులు వస్తుంది. మనుషులు తాగే పాలిచ్చే పశువులకు దీన్ని ఇవ్వకూడదని లేబుల్ మీదే ఉంటుంది. ఇష్టానుసారం వేస్తూ పోతే పిడుదులతోపాటు కడుపులోని నులిపురుగులు కూడా దీనికి అలవాటుపడతాయి. వైద్యుడు చెబితే తప్ప దీని జోలికి పోకండి.

వర్గాలను ఎప్పుడు మార్చాలన్నది వైద్యుడితో కూర్చొని నిర్ణయించుకోవలసిన విషయం. నా అభిప్రాయంలో ప్రతి పిచికారీకీ ఒక కొత్త మందు మార్చడం మంచి పద్ధతి కాదు, అలా చేస్తే ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది ఎప్పటికీ తెలియదు. ఒక వర్గాన్ని ఎంచుకొని ఆ కాలమంతా లెక్కలు రాసుకుంటూ వాడి, మరుసటి ఏడు వేరే వర్గానికి మారడం రైతుకు అమలు చేయడానికి వీలైన పద్ధతి. రెండు వర్గాల మందులను ఇంట్లోనే ఒకే బకెట్‌లో కలిపి కొట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. అమిట్రాజ్‌ను గుర్రాలకు వాడకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

మందకంతటికీ ఒకే రోజున, ఒకే మందు కొట్టడం అలవాటుగా మారింది. నిజానికి పిడుదులు అన్ని పశువుల మీదా సమానంగా ఉండవు, మందలోని కొద్ది పశువుల మీదే ఎక్కువ భాగం పోగుపడతాయి. లెక్కించి చూసి, ఎక్కువగా ఉన్నవాటికి కొట్టి, ఒకటి రెండు మాత్రమే ఉన్న నాటు పశువులకు మందు కొట్టకుండా, తొడుగు వేసుకొని పట్టకారుతో పిడుదులను ఏరేస్తే మందు ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మందు రుచి చూడని పిడుదులు కొన్ని మిగిలి, నిరోధక గుణమున్నవాటితో కలిసి, ఆ గుణం మందంతటా పరుచుకోకుండా ఆలస్యం చేస్తాయి. అయితే థైలేరియోసిస్ తరచుగా వస్తున్న సంకర జాతి మందల్లో ఈ సడలింపు ప్రమాదకరం.

ఆరో అడుగు: పశువు ఒంటి మీద కాదు, నేల మీద పోరాడండి

ఒంటి మీద కనిపించేవి ఏ సమయంలోనైనా కొన్నే. గుడ్లుగా, పిల్లలుగా గడ్డిలో, పగుళ్లలో ఉండేవే అధికం. నిరోధకత వచ్చిన కొట్టంలో ఈ పనులు మందు కన్నా ఎక్కువ ఫలితమిస్తాయి, వీటికి ఏ పిడుదూ అలవాటుపడదు.

మైక్రోప్లస్ ఆడ పిడుదులు నిండాక ఎక్కువగా ఉదయం పూట రాలుతాయి. అందుకని పాలు పితికిన తరువాత కొట్టం ఊడ్చేటప్పుడు పేడ ఎత్తడంతో సరిపెట్టకుండా, గాడి కింద, గుంజల మొదట్లో, గోడ వారన చీపురు పెట్టి, ఊడ్చినదాన్ని కొట్టం పక్కనే పోయకుండా కాల్చేయండి. గోడలకు, నేలకు ఉన్న పగుళ్లను సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. హయలోమ్మా ఉన్న చోట రాతి గోడల సందులను మంట చిమ్మే ఫ్లేమ్ గన్‌తో కాల్చడం బాగా పనిచేస్తుంది. గడ్డి, తాటాకు కప్పు ఉన్న పాకల్లో మాత్రం ఆ సాహసం వద్దు. పశువుకు పిచికారీ చేసిన రోజునే కొట్టం గోడలకూ నేలకూ, పశువులు బయట ఉన్న సమయంలో, కొట్టి ఆరనివ్వండి. పశువులు నాకే గాడిని, నీళ్ల తొట్టిని తప్పించాలి.

పెరటి కోళ్లు పిడుదులను ఏరుకు తింటాయి కనుక కొట్టంలో నాలుగు కోళ్లు తిరగనివ్వడం మంచిదే, కానీ పిచికారీ చేసిన రోజుల్లో వాటిని కట్టడి చేయాలి. వేప నూనె, వేప గింజల కషాయం తక్కువ పిడుదులున్నప్పుడు, పిచికారీకీ పిచికారీకీ మధ్య కాలంలో ఉపయోగపడతాయి. విపరీతంగా పట్టిన పశువును వాటి మీదే వదిలేయడం సరికాదు.

ఊరుమ్మడి బీడులో మేపేవారికి ఒక ఇంటి జాగ్రత్త చాలదు. ఒకరు సక్రమంగా కొట్టి, పక్కవారు సగం మోతాదు కొడితే, ఆ సగం మోతాదుకు బతికిన పిడుదుల పిల్లలే రేపు అందరి పశువులకూ ఎక్కుతాయి. పాల సేకరణ కేంద్రం దగ్గరో, రైతు సేవా కేంద్రంలోనో ఒకసారి కలిసి మాట్లాడుకొని, వానాకాలం మొదట్లో ఒకే వారంలో, ఒకే వర్గం మందుతో, సరైన మోతాదులో ఊరంతా చేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఫలితమూ నిలుస్తుంది.

ఏడో అడుగు: కొత్త పశువు, జ్వరం వచ్చిన పశువు

సంత నుంచి తెచ్చిన పశువు తనతో తెచ్చే పిడుదులు ఏ మందులకు అలవాటుపడ్డాయో మనకు తెలియదు. దాన్ని మూడు వారాలు విడిగా కట్టేసి, మీ కొట్టంలో పనిచేస్తున్న మందు కొట్టి, ఏడో రోజున, పద్నాలుగో రోజున చూసుకొని, ఉబ్బిన పిడుదులు లేవని తేలాకే మందలో కలపండి.

పిడుదులు పూర్తిగా అదుపులోకి రానంత కాలం అవి మోసే వ్యాధుల మీద కన్నేసి ఉంచాలి. 104 డిగ్రీలు దాటిన జ్వరం, భుజం ముందున్న గ్రంథులు బిళ్ల కట్టినట్టు వాయడం, కాఫీ రంగు మూత్రం, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోవడం, ఉన్నట్టుండి పాలు పడిపోవడం కనిపిస్తే ఆ రోజే రక్త పరీక్ష చేయించండి. థైలేరియోసిస్‌కు బుపార్వాక్వోన్, బబీసియోసిస్‌కు డిమినాజీన్ ఉన్నాయి, కానీ రోజులు గడిచాక ఇస్తే రక్తం విరిగిపోయిన పశువును అవి నిలబెట్టలేకపోవచ్చు. సంకర జాతి దూడలకు థైలేరియా టీకాను హైదరాబాద్‌కు చెందిన ఇండియన్ ఇమ్యునాలజికల్స్ సంస్థే తయారుచేస్తోంది. మీ ప్రాంతంలో ఈ వ్యాధి ఉంటే రెండు నెలల వయసు దాటాక దాన్ని వేయించడం గురించి వైద్యుడిని అడగండి.

దీర్ఘకాలంలో ఆలోచిస్తే పశువు ఎంపిక కూడా ఇందులో భాగమే. ఒంగోలు జాతి పశువుల చర్మం, వాటి రోగనిరోధక శక్తి పిడుదులను ఎక్కువగా నిలవనివ్వవు. మన నెల్లూరు పేరుతోనే బ్రెజిల్‌లో నెలోర్‌గా స్థిరపడిన జాతికి అక్కడ అంత ఆదరణ రావడానికి ఈ గుణం కూడా ఒక కారణం. హోల్‌స్టీన్ రక్తం శాతం పెరిగే కొద్దీ పాలు పెరుగుతాయి గాని పిడుదుల బెడద కూడా పెరుగుతుంది. ఒకే కొట్టంలో, ఒకే మేత తింటూ, ఏటా మిగతావాటికన్నా ఎన్నో రెట్లు పిడుదులు పట్టే ఆవు ఉంటే దాని దూడలను పెంపకానికి ఉంచుకోకపోవడం మంచిది.

మిగిలిన మందు విషయంలో చివరి జాగ్రత్త ఒకటుంది. పైరిథ్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కొట్టానికీ చెరువుకూ మధ్య ఒక గట్టు మాత్రమే ఉండే ఊళ్లు చాలా ఉన్నాయి. స్ప్రేయర్ కడిగిన నీళ్లను కాలువలో, చెరువు గట్టున, బావి దగ్గర పోయకుండా, నీటి వనరులకు దూరంగా, పశువులు మేయని చోట తవ్విన గుంతలో పోసి మట్టి కప్పండి. ఖాళీ సీసాకు రంధ్రాలు పొడిచి, మరెవరూ నూనెకో కిరోసిన్‌కో వాడుకోకుండా పారేయండి. ఆ రోజు తేదీ, మందు రసాయనం పేరు, కలిపిన మోతాదు, పశువుల సంఖ్య, ఏడో రోజు లెక్క ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఏ వర్గం మందు కొనాలో మీరూ వైద్యుడూ నిర్ణయించేది ఆ పేజీ చూసే.